ఉద్దానంలో కిడ్నీ మార్కర్ల పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

కవిటి దగ్గర ఒక ఊళ్ళో మొదటిరోజు శాంపిల్స్ తియ్యడానికి దిగినప్పుడు అరుగు మీద కూర్చున్న మామ్మ అడిగిన మొదటి మాట ఇది: "ఏటి బాబూ, మళ్ళీ రగతమేనా? మొన్నోళ్ళు అట్టుకెల్లింది ఏటయిందో సెప్పేరేటి?" నా దగ్గర జవాబు లేదు. మొన్నొచ్చింది మేము కాదు, ఇంకెవరో. కానీ ఆవిడకి మేమంతా ఒకటే, ఐసుపెట్టె పట్టుకుని జీపు దిగే జనం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి కొత్తగా ప్రాజెక్టులో చేరినవాళ్ళూ, కమ్యూనిటీ మెడిసిన్ పీజీలూ, ల్యాబ్ టెక్నీషియన్లూ కిడ్నీ జబ్బుని పట్టిచ్చే గుర్తులు (మార్కర్లు) వెతికే ఈ పనికి వస్తుంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను. ల్యాబ్‌లో మెషీన్ ఎలా నడపాలో మీకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. నేను చెప్పేది ఎక్కువగా ల్యాబ్‌కి చేరేలోపు జరిగేదాని గురించి, ఎందుకంటే నేను చూసినంతలో డేటా పాడైపోయేది అక్కడే.

ఉద్దానం సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో సముద్రం పక్కన కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉన్న ఊళ్ళు. షుగరూ బీపీ లేని మనుషులకి కూడా, అందులోనూ పొలం పని చేసుకునేవాళ్ళకి, నెమ్మదిగా కిడ్నీలు పాడైపోతున్నాయి. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతానికి పైగా మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తేలింది, వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా కారణం అంతుపట్టనివాళ్ళే. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు కోసేవాళ్ళకీ ఇలాంటిదే ఉంది. నీళ్ళా, ఎండా, పురుగుమందులా, నొప్పి మాత్రలా, వంశమా, అన్నీ కలిసా అన్నది ఇంకా తేలలేదు, కాబట్టి ఊళ్ళో ఎవరైనా "కారణం ఏటి?" అనడిగితే మీకు తోచింది చెప్పేయకండి, సాయంత్రానికి అది నాలుగు ఊళ్ళు తిరిగొస్తుంది.

బయోమార్కర్ అంటే ఒంటి లోపల జరిగేదాన్ని బయట నుంచి కొలిచి చెప్పే గుర్తు, అంతే. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ, గుండెపోటుకి ట్రోపోనిన్, కిడ్నీకి క్రియాటినిన్ (కండ నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీ పాడైతే పెరుగుతుంది). మరి క్రియాటినిన్ ఉండగా ఇంకోటి ఎందుకు? కిడ్నీ పనితనం దాదాపు సగం పోయేదాకా అది పెద్దగా కదలదు. పోనీ మూత్రంలో ప్రొటీన్ చూద్దామంటే, ఉద్దానం జబ్బు ప్రధానంగా రక్తాన్ని వడపోసే సన్నటి రక్తనాళాల ముద్దల్లో కాకుండా వాటి తర్వాత వచ్చే సన్నటి నాళాల్లోనూ వాటి చుట్టూ ఉన్న కణజాలంలోనూ మొదలవుతుంది, అందుకని ప్రొటీన్ చాలామందికి కొంచెమే పోతుంది. స్ట్రిప్పు ముంచి రంగు మారలేదు కాబట్టి మీకేం లేదని పంపించేస్తే పొరపాటే. నాళాలు దెబ్బతిన్నాయని చెప్పే గుర్తులు కావాలి: కిమ్-1, ఎన్‌గాల్, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ లాంటి, మూత్రంలో విడివిడిగా కొలిచే ప్రొటీన్లు.

ఇక్కడే మొదటి ఆశ పుడుతుంది, అన్నీ కొలిచేద్దాం అని. వద్దు. మీ ప్రశ్న ఏమిటో ముందు ఒక వాక్యంలో రాసుకోండి. జబ్బు ఇంకా బయటపడనివాళ్ళని ముందే పట్టుకోవడమా, పట్టుకున్నవాళ్ళలో ఎవరికి తొందరగా ముదురుతుందో చెప్పడమా, లేక ఒంట్లోకి ఏం చేరిందో (కాడ్మియం, సీసం, పురుగుమందుల అవశేషాలు) వెతకడమా? మూడింటికీ మనుషులు వేరు, ట్యూబులు వేరు, కాలం వేరు. లోహాలు చూడాలంటే మామూలు ట్యూబులు పనికిరావు, వాటికి ముదురు నీలం మూతతో వేరే ట్యూబులుంటాయి, అవి వాడకపోతే మీరు కొలిచేది ట్యూబులోంచి వచ్చిన లోహాన్ని. పైగా నలభై మార్కర్లు కొలిచి కాకతాళీయంగా వచ్చే అవకాశం ఐదు శాతం లోపుంటే చాలని గీత పెట్టుకుంటే ఏ సంబంధం లేకపోయినా రెండు మార్కర్లు "పనిచేస్తున్నట్టు" కనబడతాయి, దాని మీద పేపరు కూడా వచ్చేస్తుంది, తర్వాత ఎవరికీ ఉపయోగపడదు.

ఎవరి నుంచి తియ్యాలి అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, దీని మీద తొందరపడకండి. డయాలసిస్ మీద ఉన్న యాభై మంది రక్తం, కాలేజీలో చదువుకునే యాభై మంది కుర్రాళ్ళ రక్తం పక్కపక్కన పెడితే ఏ మార్కర్ అయినా అద్భుతంగా విడదీస్తుంది. దానికి మార్కర్ ఎందుకు, ముఖం చూస్తే తెలిసిపోతుంది కదా! మీకు కావలసింది మధ్యలో ఉన్నవాళ్ళు. జబ్బు మొదలై ఇంకా తోటకి వెళ్తున్నవాడు ఒకడు, వాడితో పాటు అదే ఊరి బోరు నీళ్ళు తాగుతూ అదే ఎండలో అదే పని చేస్తూ కిడ్నీలు బాగున్నవాడు ఇంకొకడు, పోలికకి తీసుకునే వీణ్ణే కంట్రోల్ అంటారు. కంట్రోల్స్‌ని శ్రీకాకుళం టౌన్ నుంచో విశాఖ నుంచో తెస్తే మీకు దొరికే తేడా జబ్బుది కాదు, ఊరిది. వీళ్ళతో పాటు షుగర్ వల్లా బీపీ వల్లా కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళ గుంపు ఒకటి జిల్లా ఆస్పత్రి నుంచి తప్పనిసరిగా తీసుకోండి. మీ మార్కర్ వాళ్ళలోనూ అలాగే పెరిగితే అది కిడ్నీ పాడైందని చెబుతోంది గానీ ఉద్దానం జబ్బని చెప్పట్లేదు.

ఇంకో సంగతి, పుస్తకాల్లో ఉండదు. ఉద్దానం మగవాళ్ళు చాలామంది వలస పోతారు. జూలైలో ఇంటింటికీ తిరిగితే మీకు దొరికేది ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, ఒంట్లో బాగోలేక ఇంటికొచ్చేసినవాళ్ళూను. లెక్కంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది. అందరూ ఇంటికొచ్చేది సంక్రాంతికే. అయితే కనుమ మర్నాడు క్యాంపు పెట్టారో, ఉడికించిన మాంసం తిన్నాక కొన్ని గంటల పాటు రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది, ఊరంతా పేషెంట్లే అనుకుంటారు. భోగికి నాలుగైదు రోజుల ముందు పెట్టుకోండి, రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రమ్మనండి, మాంసం తిన్నారో లేదో ఫారంలో రాయండి. మార్చి నుంచి మే దాకా జీడి పిక్కలు ఏరే రోజులు, మధ్యాహ్నం పని నుంచి వచ్చినవాళ్ళ దగ్గర తీస్తే ఒంట్లో నీళ్ళు తగ్గి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉంటుంది. పొద్దున్న ఆరు, ఆరున్నరకి, పనికి పోకముందే తియ్యాలి. (ఎండ దెబ్బ ప్రభావమే మీ ప్రశ్న అయితే పనికి ముందూ తర్వాతా రెండుసార్లు తియ్యాలి, అది వేరే డిజైన్.)

ప్రశ్నల ఫారంలో "వృత్తి: రైతు" అని రాసి వదిలెయ్యకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరీ జీడీ నేలమట్టం చేశాక చాలామంది పని మారిపోయింది, ముందేం చేసేవారు, తర్వాతేం చేస్తున్నారు రెండూ అడగండి. నీళ్ళూ అంతే. హిరమండలం నుంచి పైపుల నీళ్ళ పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది, ఆ రోజే పలాసలో కిడ్నీ ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. "ఏం నీళ్ళు తాగుతారు" అంటే ఈరోజు సంగతే చెబుతారు, పదేళ్ళ కిందటి బోరు గురించి విడిగా అడగాలి. నొప్పి మాత్రల గురించి "వాడతారా" అంటే లేదంటారు. "నడుం నొప్పొస్తే ఏం వేసుకుంటారు, ఎవరిస్తారు, వారానికి ఎన్నిసార్లు?" అనండి, అప్పుడు అటక మీంచి కవరే తెచ్చి చూపిస్తారు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క చుక్క తియ్యకూడదు, 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చదవండి. విదేశీ సంస్థతో కలిసి చేస్తున్నా, శాంపిల్స్ బయటి దేశానికి పంపుతున్నా కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి, దానికి నెలలు పడుతుంది, ప్రాజెక్టు క్యాలెండర్‌లో ఆ నెలలు ముందే వేసుకోండి.

అంగీకార పత్రం మాత్రం కాగితాల పని కాదు. పుస్తకాల తెలుగులో "జీవ నమూనాల భవిష్యత్ వినియోగమునకు సమ్మతి" అని రాసి వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం కాదు, సంతకాల సేకరణ. ఏం తీస్తాం, ఎంత తీస్తాం (రెండు చెంచాలు అని చూపించండి, ఎమ్మెల్ అనకండి), ఎన్నేళ్ళు దాస్తాం, ఎక్కడికి పోతుంది, మీకేం వస్తుంది, మధ్యలో వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి మామూలు మాటల్లో. చదువురానివాళ్ళకి ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి ఉండాలి, మీ డ్రైవర్ కాదు. ఇచ్ఛాపురం వైపు కొన్ని ఇళ్ళలో ఒడియా మాట్లాడతారు, ఒడియా వచ్చినవాళ్ళని ఒకరిని టీమ్‌లో పెట్టుకోండి. ఇది వైద్యం కాదు, పరిశోధన అని మూడుసార్లయినా చెప్పాలి, ఎందుకంటే రక్తం తీసుకున్నారంటే మందు ఇస్తారనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. ఆశా కార్యకర్తనీ ఏఎన్ఎమ్‌నీ ముందురోజే కలవండి. వాళ్ళు "రేపు వద్దు, ఆ వీధిలో దినం ఉంది" అంటే వినండి.

ఇప్పుడు అసలు పని. రక్తం: చేతికి రబ్బరు పట్టీ నిమిషం కంటే ఎక్కువసేపు బిగించి ఉంచకండి, పిడికిలి పదేపదే బిగించమనకండి, పొటాషియం పెరుగుతుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, సిరంజి నుంచి ట్యూబులోకి ఒత్తిడితో కొట్టినా ఎర్రకణాలు పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే పసుపు ద్రవం) గులాబీ రంగులోకి వస్తుంది. అలాంటి శాంపిల్ వచ్చిందంటే ఫారంలో రాయండి, దాచకండి. పసుపు మూత ట్యూబుని ఐదారుసార్లు నెమ్మదిగా తిప్పి, నిలబెట్టి అరగంట గడ్డకట్టనివ్వాలి. చాలామంది చేసే తప్పు, తీసిన వెంటనే ఐసులో గుచ్చెయ్యడం. గడ్డ సరిగా కట్టదు, ఐసుకి నేరుగా తగిలితే కణాలు పగులుతాయి. అరగంట నీడలో, తర్వాత సెంట్రిఫ్యూజ్ (ట్యూబుల్ని గిర్రున తిప్పి సీరం వేరుచేసే యంత్రం), మొత్తం రెండు గంటల్లోపు సీరం వేరైపోవాలి. ఆలస్యమైతే గ్లూకోజ్ పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది, పాత పద్ధతి క్రియాటినిన్ పరీక్షలో తప్పుడు ఎక్కువ కూడా వస్తుంది. అందుకే సెంట్రిఫ్యూజ్ ఊళ్ళోనే ఉండాలి. మేము పంచాయతీ ఆఫీసు బల్ల మీద పెట్టి నడిపేవాళ్ళం, ఆ బల్ల కాళ్ళు సమానంగా లేక మొదటిరోజు అది నడుచుకుంటూ అంచుదాకా వచ్చేసింది. కింద మడత పెట్టిన గోనెసంచి వేశాక కుదురుకుంది. చిన్న జనరేటర్ లేకుండా వెళ్ళకండి.

మూత్రం: పొద్దున్న లేచిన వెంటనే వచ్చేది, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది. మూత బిగిసే కొత్త డబ్బా ముందురోజు సాయంత్రం ఇంటింటికీ మీరే ఇవ్వండి, లేకపోతే కడిగిన కూల్ డ్రింక్ సీసాల్లోనూ, ఒకసారి నాకైతే ఆవకాయ సీసాలోనూ వచ్చింది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళని వారం తర్వాత రమ్మనండి, ఈ మాట మగ సిబ్బంది కాకుండా ఆశా అప్ప చేత అడిగించండి. స్ట్రిప్పు ముంచి చీము కణాలుంటే రాసుకోండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎన్‌గాల్ పెరుగుతుంది, కిడ్నీ వల్ల పెరిగిందనుకుంటారు. జ్వరంతో ఉన్నవాళ్ళని వాయిదా వెయ్యండి. బీటా-2 కొలుస్తానంటే మాత్రం ఆలోచించుకోండి, పులుపు ఎక్కువున్న మూత్రంలో అది మూత్రాశయంలో ఉండగానే విరిగిపోతుంది, డబ్బాలో పడ్డాక క్షారం కలిపినా పోయింది రాదు. నాకైతే ఆల్ఫా-1 మీదే నమ్మకం, అది అంత త్వరగా పాడవదు.

తర్వాత పంచుకోవడం. ఒక్కో మనిషి సీరాన్నీ మూత్రాన్నీ నాలుగైదు చిన్న క్రయోవయల్స్‌లోకి (ఫ్రీజర్ చలికి ఆగే మూత సీసాల్లోకి) పంచండి, అంచుదాకా నింపొద్దు, గడ్డకడితే ఉబ్బుతుంది. ఎందుకు పంచడం? ఒక్కసారి కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే కొన్ని మార్కర్లు తగ్గిపోతాయి, కాబట్టి ఒక్కో పరీక్షకి ఒక్కో వయల్. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కావాలి, మైనస్ 20లో నెలలు ఉంచితే ఎన్‌గాల్ లాంటివి తగ్గుతాయి. లేబుళ్ళ గురించి నేను పడ్డ బాధ మీరు పడకండి. మామూలు కాగితం లేబుల్ చలికి ఊడిపోతుంది, పెన్నుతో రాసినది స్పిరిట్ తగిలితే చెరిగిపోతుంది. మొదటి నెలలో పదిహేడు వయల్స్ ఎవరివో తెలియక పారేశాను. ఫ్రీజర్‌కి ఆగే ముందే అచ్చేసిన బార్‌కోడ్ లేబుళ్ళు తీసుకోండి. ఒకే ఊళ్ళో నలుగురు అప్పారావులుంటారు, తండ్రి పేరూ ఇంటి నంబరూ రిజిస్టర్‌లో ఉండాలి, వయల్ మీద మాత్రం పేరు ఉండకూడదు, నంబరొక్కటే.

చల్లదనం కాపాడటం ఈ మొత్తంలో ఖరీదైన తలనొప్పి. సోంపేట నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) ముందురోజు చెప్పి తెప్పించుకోవాలి, కూర్చుంటే ఆవిరైపోతుంది, రెండింతలు లెక్కవేసుకోండి. పెట్టెని టేపుతో గాలాడకుండా మూసేస్తే పేలుతుంది, కారు అద్దాలు కొంచెం దించి ఉంచాలి, ఆ గ్యాసు మనిషికి ప్రమాదం. ద్రవ నైట్రోజన్ దొరకదేమో అని నేను దిగులుపడుతుంటే మా డ్రైవరే గుర్తుచేశాడు, ఆవులకి సూది వేసే గోపాలమిత్ర బండి మీద డబ్బా ఉంటుంది కదండీ, అందులో ఏముంటుందనుకున్నారు అని. నిజమే, మనుషుల శాంపిల్స్‌కి లేని సదుపాయం పశువుల వీర్యానికి మండలాల్లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని వాడుకోమనట్లేదు, ఎక్కడ నింపుతారో అడిగి తెలుసుకోమంటున్నాను.

ఫ్రీజర్ ఉన్న గదికి ఏసీ, ఇన్వర్టర్, జనరేటర్, రాత్రి ఫోన్ ఎత్తే మనిషి కావాలి. నేను పనిచేసిన ఒకచోట ఆదివారం కరెంటు పోతే జనరేటర్‌లో డీజిల్ లేదు, సోమవారం పొద్దున్న తలుపు తీస్తే నీళ్ళు. ఏడాది కష్టం. అప్పటి నుంచి ప్రతి మనిషి వయల్స్‌లో సగం ఒక ఊళ్ళో, సగం ఇంకో ఊళ్ళో ఫ్రీజర్‌లో పెట్టందే నాకు నిద్ర పట్టదు. ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్ చిన్నది పెట్టుకోండి, శాంపిల్ ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడితే చూడ్డానికి ఏమీ తెలియదు మరి.

ల్యాబ్‌లో మూడే మాటలు. క్రియాటినిన్ ఎంజైమ్ పద్ధతిలో, ఐడీఎంఎస్ అనే ప్రామాణిక పద్ధతితో సరిపోల్చిన కిట్‌తో చెయ్యండి, పాతదైన జాఫే పద్ధతికి కామెర్లూ ఎక్కువ గ్లూకోజూ అడ్డొస్తాయి. మార్కర్లు కొలిచే ఎలీసా పరీక్ష ప్లేటులో 96 గుంటలున్నాయని 96 మందికి బడ్జెట్ వెయ్యకండి. స్టాండర్డులూ (మోతాదు ముందే తెలిసినవి) బ్లాంకూ (మార్కర్ లేనిది) రెండేసి చొప్పున పదహారు పోతాయి, కంట్రోల్ ద్రావణాలకి నాలుగు, మిగిలిన 76లో ఒక్కొక్కరిది రెండుసార్లు అంటే 38 మంది. నేను మొదట రాసిన బడ్జెట్‌లో కిట్లు సగం కూడా లేవు, మా సార్ ముందు ఆ రోజు నా టెన్షన్ చెప్పలేను. మూడోది, జబ్బున్నవాళ్ళందరినీ ఒక ప్లేటులో, లేనివాళ్ళని ఇంకో ప్లేటులో వెయ్యకండి, కలిపెయ్యండి, ఎవరెవరో చేసేవాళ్ళకి తెలియకూడదు.

లెక్కల దగ్గర ఒక చిక్కు ఉంది. మూత్రం పలచగా ఉందా చిక్కగా ఉందా అన్నదాన్ని బట్టి మార్కర్ మారుతుంది కాబట్టి మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగిస్తాం. కానీ ఆ క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది, మన తోట కూలీల్లో బక్కపలచటి మనిషికి అది తక్కువ, భాగిస్తే మార్కర్ ఎక్కువ కనబడుతుంది. భాగించినదీ భాగించనిదీ రెండూ చూపించండి. రక్తంలోనూ ఇదే గొడవ, కండ తక్కువున్న మనిషికి క్రియాటినిన్ తక్కువుండి ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి సూత్రంతో లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) బాగున్నట్టు కనబడుతుంది, ఆ సూత్రాలు మన మనుషుల మీద కట్టినవి కావు. డబ్బుంటే రక్తంలో సిస్టాటిన్ సి అనే ప్రొటీన్ కూడా చెయ్యండి, దానికి కండతో సంబంధం తక్కువ, కాకపోతే థైరాయిడ్, స్టెరాయిడ్లు దాన్ని కదుపుతాయి. ఇంకా, ఈజీఎఫ్ఆర్ ఒక్కసారి 60 కంటే తక్కువ వచ్చిందని దీర్ఘకాలిక జబ్బు అనకూడదు, మూడు నెలల తర్వాత మళ్ళీ తీసి చూడాలి.

ఆ రెండోసారికి ముందే మొదటి రిపోర్టులు ఇచ్చెయ్యండి. కిమ్-1 విలువ ఇంకా ఎవరికీ అర్థం తేలని అంకె, అది ఇస్తే భయమే తప్ప లాభం లేదు. కానీ క్రియాటినిన్, షుగర్, బీపీ, హిమోగ్లోబిన్ ఇవి వాళ్ళవి, తెలుగులో ఒక పేజీ, ఏ అంకె చూసి ఎక్కడికి వెళ్ళాలో రాసి. పొటాషియం 6 దాటి, శాంపిల్ గులాబీ రంగులో లేదంటే ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యాలి, రెండు వారాలు ఆగేది కాదు. ప్రాజెక్టు బడ్జెట్‌లో ఈ తిరుగు ప్రయాణానికి జీపు ఖర్చు విడిగా రాయండి, రాయకపోతే చివర్లో డబ్బు చాలనప్పుడు మొదట కోసేది దీన్నే. కవర్లు ఎవరివి వాళ్ళ చేతికే ఇవ్వండి, అరుగు మీద అందరి ముందు పేరు పిలిచి చదవొద్దు, పెళ్ళి కావలసిన పిల్లలుంటారు ఇంట్లో. మూడు నెలల్లో కొన్ని కవర్లకి తీసుకునే మనిషి ఉండడు. బయలుదేరే ముందు ఆశా అప్పకి జాబితా చదివి వినిపించండి, ఆ ఇళ్ళేవో ఆవిడ చెబుతుంది, అక్కడికి ఐసుపెట్టె జీపులోనే ఉంచి వెళ్ళండి.